మా లంక ఆట డైరీ: గెడ, గట్టు, గండి

జూన్ 9

నేను చేస్తున్న కంప్యూటర్ ఆట ఫోల్డర్ పేరు ‘లంక 3’. ఒకటీ రెండూ ఏమయ్యాయని అడక్కండి. ఒకటి ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో పరీక్షల దెబ్బకి ఆగిపోయింది, రెండోది హార్డ్ డిస్క్‌తో పాటే పోయింది. ఈసారైనా ఎక్కడిదాకా వచ్చానో నాకే తెలియాలని తేదీలు వేసుకుని రాస్తున్నాను.

ఆట ఏంటంటే, గోదావరి మధ్యలో ఒక లంక. దాని మీద మన ఇల్లు, నాలుగు కొబ్బరి చెట్లు, ఒక ఆవు. పడవేసుకుని చుట్టుపక్కల లంకల్లోకి వెళ్లాలి, అక్కడ ఎదురైనవాటితో కొట్లాడాలి, కర్ర, తాడు, ఇటుక తెచ్చుకుని ఊరు కట్టుకోవాలి. చస్తే మళ్లీ మొదట్నుంచి. రెండోసారి ఆడితే లంకల అమరిక మొదటిసారిలా ఉండదు. ఈ తరహా ఆటల్ని రోగ్‌లైక్ అంటారు. 1980లో ‘రోగ్’ అని ఒక ఆట వచ్చింది, దాని పేరే ఈ మొత్తం జాతికి స్థిరపడిపోయింది. అందులో బొమ్మలు కూడా ఉండవు, స్క్రీన్ నిండా అక్షరాలే. ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఒక్కో రాక్షసుడు.

నన్ను ఇందులోకి దించింది మాత్రం 2022లో వచ్చిన ‘కల్ట్ ఆఫ్ ది లాంబ్’. ఆస్ట్రేలియాకి చెందిన మాసివ్ మాన్‌స్టర్ అనే చిన్న టీమ్ చేసింది. ఒక గొర్రెపిల్ల కత్తి పట్టుకుని అడవిలోకి వెళ్లి కొట్లాడొస్తుంది. వెనకాల దానికో ఊరు, ఊరినిండా భక్తులు. వాళ్లకి వండి పెట్టాలి, వాళ్ల పెంట ఎత్తాలి, గుళ్లో ప్రసంగం చెప్పాలి. మనం అడవిలో ఉన్నంతసేపూ ఇక్కడ ఊళ్లో పొద్దు గడుస్తూనే ఉంటుంది. ఒకసారి బాస్‌ని, అంటే అడవి చివర్న ఉండే పెద్ద శత్రువుని, కొట్టేసిన సంబరంతో తిరిగొస్తే, ఊళ్లో ముగ్గురు ఆకలితో నకనకలాడుతున్నారు, ఒకడు వాంతులు చేసుకుంటున్నాడు, ఇంకొకడు నామీదే తిరగబడి నలుగురినీ పోగేసి ఉపన్యాసం ఇస్తున్నాడు. ఆ రోజు రాత్రి రెండింటికి లాప్‌టాప్ మూశాక కూడా, వాళ్లకి అన్నం పెట్టకుండా పడుకున్నానే అని మనసులో ఒకటే పీకుడు. అలాంటి పీకుడు నా ఆటలోనూ ఉండాలి.

సరంజామా: ఐదేళ్ల లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఆటలు తయారుచేసే గోడో 4 ఇంజన్. ఇంజన్ ఉచితం, ఓపెన్ సోర్స్. చార్జర్ వైరుకి ఎలక్ట్రికల్ టేపు చుట్టాను.

జూన్ 15

వారమంతా ఒక్క దెబ్బ మీదే పోయింది.

ఆయుధం ముందే అనుకున్నాను: కత్తి కాదు, గెడ. పడవ తోసే వెదురు గెడ. దాన్ని కర్రసాములో తిప్పినట్టు తిప్పించాను. బాగోలేదు. బటన్ నొక్కాక గెడ లేవడానికి 14 ఫ్రేములు, అంటే స్క్రీన్ మీద వరసగా మారే 14 బొమ్మల టైము, పెట్టాను, బురదలో చెయ్యి ఆడిస్తున్నట్టుంది. ఎనిమిదికి తగ్గించాను, ఐదుకి తగ్గించాను. చురుకైతే వచ్చింది గానీ అది గెడ కాదు, అగరొత్తి పుల్ల.

హిట్ స్టాప్ పెట్టాను. అంటే దెబ్బ తగిలిన క్షణాన ఆట మొత్తాన్ని మూడు ఫ్రేములు ఆపేయడం. సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి ఇది సెకనులో ఇరవయ్యో వంతు. కంటికి ఆనదు, చేతికి మాత్రం దెబ్బ తగిలినట్టు తెలుస్తుంది. కొంత నయం.

నిన్న రేవులో పడవ నడిపే ఆయన్ని అడిగాను, గెడతో ఎవరినైనా కొట్టాల్సి వస్తే ఎలా కొడతారని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఆయ్, గెడ తిప్పితే మనమే నీళ్లలో పడతావండి. గెడతో పొడుస్తాం, లేకపోతే దిగేసి నెట్టుకుంటాం” అన్నాడు. చేసి చూపించాడు కూడా. గెడని ఏటవాలుగా దించి, రెండు చేతులూ ఒకదాని మీదొకటి మార్చుకుంటూ పైకి పాకించి, చివర్న నడుముతో ఒక్క తోపు. పడవ చప్పుడు లేకుండా మూడు బారలు జరిగిపోయింది.

ఇంటికొచ్చి తిప్పే యానిమేషన్ మొత్తం చెరిపేశాను. ఇప్పుడు ఒక బటన్‌కి పోటు, ఇంకో బటన్‌కి గెడ నేలలో దిగేసి ఎగిరి పక్కకి నెట్టుకోవడం. తప్పించుకోవడానికి విడిగా దొర్లుడు పెట్టనక్కర్లేకుండా పోయింది. నెట్టుకున్న మొదటి 12 ఫ్రేములు దెబ్బ తగలదు. బురదలో నెట్టుకుంటే తక్కువ దూరం, గట్టి నేల మీద ఎక్కువ దూరం. ఈ ఒక్కటీ నేను ఇప్పటిదాకా రాసిన కోడ్‌లో మంచి ముక్క. దీనికి కారణం నేను కాదు.

జూన్ 22

మ్యాప్. 128 గళ్లు అడ్డం, 128 నిలువు. మొదట ప్రతి గడికీ పాచిక వేసి నూటికి 45 గళ్లు నేల, మిగతావి నీరు అని నింపేస్తాం. తర్వాత ప్రతి గడినీ, దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ కలిపి చూస్తాం: ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ నేలైతే ఇదీ నేల, లేకపోతే నీరు. ఇదే ఐదుసార్లు చేస్తే చెల్లాచెదురు గళ్లన్నీ సర్దుకుని, గుండ్రంగా, వంకరటింకరగా మచ్చలు కడతాయి. గుహలు చేయడానికి వాడే పాత పద్ధతి. గుహలు చేసేవాళ్లకి ఇందులో ఒక తలనొప్పి ఉంటుంది, ముక్కలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా మిగిలిపోతాయి. మనకి కావలసింది సరిగ్గా అదే కదా. విడివిడిగా మిగిలినవే లంకలు.

ఈ పాచికలు ఎలా పడాలో తేల్చే నంబరుని సీడ్ అంటారు, దాన్ని స్క్రీన్ మూల చూపిస్తున్నాను. ఒకే నంబరు ఇస్తే ఒకే గోదావరి వస్తుంది. బగ్ దొరికితే నంబరు రాసుకుంటే చాలు.

జూన్ 30

అన్నీ పనిచేస్తున్నాయి. ఇల్లు కట్టొచ్చు, పాక వేయొచ్చు, అరటి నాటొచ్చు. పక్క లంకలో అడవి పందులు, కుక్కలు, పాములు. కొడితే సామాను రాలుతుంది. ఎనిమిది నిమిషాలకి వరద వస్తుంది, రన్, అంటే మొదట్నుంచి చివరిదాకా ఒకసారి ఆడిన ఆట, అయిపోతుంది.

తమ్ముడు, అంటే మా పిన్ని కొడుకు, తొమ్మిదో తరగతి, వరసగా నాలుగు రన్‌లు ఆడాడు. ఆడినంతసేపూ ఏమీ మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం, “అన్నయ్యా, ఇది ఒక గేమా, రెండు గేములా?” అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. కొట్లాడేటప్పుడు ఊరు గుర్తు రావట్లేదు, ఊళ్లో ఉన్నప్పుడు కొట్లాట గుర్తు రావట్లేదు. మధ్యలో పడవ ఒక లోడింగ్ స్క్రీన్, అంతే. గొర్రెపిల్ల ఆటలో మనసు పీకింది ఎందుకో నాకు తెలుసు, అక్కడ ఊరు మనల్ని వెనక్కి లాగుతుంది. నా ఊళ్లో లాగేది ఏమీ లేదు.

జూలై 6

కరెంటు పోయింది. బ్యాటరీ గంటన్నర వస్తుంది కాబట్టి అరుగు మీద కూర్చుని ఆడుతున్నాను. మామ్మ పక్కనే కూర్చుని చీపురు కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. కాసేపు చూసింది.

“ఆ నీలంగా పెరుగుతున్నదేంట్రా?”

“వరద మామ్మా.”

“వీడెవడు?”

“మనమే.”

“వరదొస్తుంటే కర్రట్టుకుని ఎక్కడికి పోతన్నాడు?”

“పక్క లంకలోకి. అక్కడ పందులున్నాయి, కొట్టాలి.”

“ఎందుకూ?”

“కొడితే కర్ర వస్తుంది మామ్మా, ఇల్లు కట్టుకోవడానికి.”

“పందిని కొడితే కర్రెలా వస్తదిరా?”

నవ్వొచ్చింది గానీ జవాబు రాలేదు. ఇన్నేళ్లుగా ఆటలు ఆడుతున్నాను, ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాత మామ్మ 86 వరద, అంటే 1986లో వచ్చినదాని, సంగతి చెప్పింది. మా ఇంట్లో ఏ వరదనైనా దాంతోనే కొలుస్తారు. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ రికార్డు అదే. అప్పుడు మా తాత చేసిన పనులు వరసగా చెప్పింది: ముందు ఆవు పలుపు విప్పాడు. తర్వాత విత్తనాల మూట అటక మీదికి ఎక్కించాడు. తర్వాత పిల్లల్ని పడవెక్కించాడు. ఆవు దానంతటది ఈదుకుంటూ పోయి ఏటిగట్టు ఎక్కింది. పక్కింటివాళ్ల గేదెని విప్పడానికి టైము చాలలేదు.

ఈ వరసలో కొట్లాట ఎక్కడా లేదు. ఉన్నదల్లా పరుగు, టెన్షన్, ఏది ముందు ఏది వెనక అన్న లెక్క. వరదని రన్ చివర్న వచ్చే తెరలాగా వాడుకుంటున్నాను, అక్కడే తప్పు చేశాను. వరద మొదటి నిమిషం నుంచీ ఆటలో ఉండాలి.

జూలై 10

నీళ్లు నడిపించడం మొదలుపెట్టాను. ప్రతి గడికీ ఇప్పుడు ఎత్తు ఉంది, సున్నా నుంచి తొమ్మిది దాకా. గట్టు వేస్తే ఆ గడి ఎత్తు మూడు పెరుగుతుంది. నది గళ్ల దగ్గర మొదలై, పక్క గడి ఎత్తు నీటిమట్టం కంటే తక్కువైతే అందులోకి నీరు, అక్కడి నుంచి దాని పక్కదానిలోకి. ఈ పద్ధతి పేరే ఫ్లడ్ ఫిల్. పెయింట్ ప్రోగ్రాంలో బకెట్‌తో రంగు పోస్తే జరిగేది ఇదే. మామూలుగా పేరుకి మాత్రమే వరద, ఇక్కడ మటుకు నిజంగానే వరద.

మొదట ఫంక్షన్ తనని తనే పిలుచుకునేలా రాశాను. చిన్న మ్యాప్‌లో బాగానే ఉంది. అసలు మ్యాప్‌లో 16,384 గళ్లు. ఒకదాన్ని ఒకటి పిలుచుకుంటూ లోతు 1024 దాటేసరికి ‘స్టాక్ ఓవర్‌ఫ్లో’ అని ఎర్ర అక్షరాలు, అంటే పిలుపులు గుర్తుపెట్టుకునే చోటు నిండిపోయింది. క్యూ పద్ధతికి మార్చాను: తడిసిన గడిని వరసలో నిలబెట్టు, ముందున్నదాన్ని తీసి దాని పక్కవాటిని చూడు. అరగంట పని.

మొత్తం మ్యాప్‌ని ప్రతి ఫ్రేమూ మళ్లీ గీస్తుంటే లాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా మోగింది. నీరు అరసెకనుకి ఒక అడుగు మాత్రమే కదలాలి, మారిన గళ్లు మాత్రమే గీయాలి అని సర్దాక నెమ్మదించింది.

జూలై 13

గట్టు చుట్టూ కట్టినా నీళ్లు లోపలికి వస్తున్నాయి. రెండు రోజులు పిచ్చెక్కింది. ఎత్తులు ప్రింట్ చేయించి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. ఒక్క తమ్ముడు కట్టిన గట్టుకే కారుతోంది, నేను కడితే కారట్లేదు.

సీడ్ నంబరు వేసుకుని వాడి ఆటని పక్కన కూర్చుని చూశాను. నేను గట్టు నిలువుగా, అడ్డంగా, పెట్టెలా కడతాను. వాడు ఏటి వంపుని బట్టి ఐమూలగా, మెట్లు మెట్లుగా కడుతున్నాడు. ఒక గడికి ఎడమ పైమూల ఇంకో గడి. కంటికి గట్టు కలిసే ఉంది. నా కోడ్‌లో నీరు ఎనిమిది దిక్కులకీ నడుస్తుంది, కాబట్టి రెండు గట్టు గళ్లు మూలతో మూల తాకే చోట, ఆ వెంట్రుకవాసి సందులోంచి ఐమూలగా జారిపోతోంది. ఒక్క గడి తడిస్తే చాలు, లోపలున్నదంతా ములుగుతుంది.

నీటికి నాలుగు దిక్కులే ఇచ్చాను. ఒక్క లైను. కారడం ఆగింది.

రాత్రి అన్నం తింటూ ఈ సంగతి బాబాయ్‌కి చెప్పాను. బాబాయ్‌కి రెండెకరాల చేపల చెరువుంది, ఏడాదంతా గట్టు మీదే తిరుగుతాడు. మొత్తం విని, “ఆపేశావా? ఎందుకురా ఆపడం? గట్టు కారేది మూలల్లోనే. లేకపోతే పీత బొక్కల్లో. కారని గట్టెక్కడుంది?” అన్నాడు.

పొద్దున్నే చెరువు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. గట్టు బయటి వైపు, అడుగున, అరచేతంత మేర మట్టి తడిగా, చుట్టూ ఉన్న మట్టికంటే ముదురు రంగులో ఉంది. నీరు కారట్లేదు, చెమట పట్టినట్టుందంతే. వేలు పెడితే చల్లగా లోపలికి పోయింది. బాబాయ్ బొడ్డులోతు నీళ్లలో లోపలి వైపు దిగి, కాలితో తడిమి బొక్క పట్టుకుని, బంకమన్ను ముద్ద చేసి కుక్కి మడమతో తొక్కాడు. “చెమట కనపడ్డప్పుడు మూస్తే ముద్ద మట్టి. రేపు చూద్దాంలే అంటే జేసీబీ” అన్నాడు.

ఇదే ఆటలోకి యథాతథంగా వచ్చేసింది. గట్టు గళ్లలో నలభైకి ఒకటి చొప్పున ఏదో ఒకటి బలహీనం, ఏది అన్నది ప్రతి రన్‌కీ మారుతుంది. ముందు చెమట పడుతుంది, అంటే గడి రంగు కొంచెం ముదురుతుంది. అప్పుడు ముద్ద మట్టి పెడితే సరి. పట్టించుకోకుండా పడవెక్కితే 90 సెకన్లకి గండి. ఇక పక్క లంకలో పంది ఎదురుగా ఉన్నా, ఆడేవాడి మనసు ఇంటి దగ్గర గట్టు మీదే ఉంటుంది.

జూలై 17

టైమర్ తీసేశాను. స్క్రీన్ పైన ఎర్ర గీత తరుగుతూ రావడం నాకు మొదట్నుంచీ నచ్చలేదు. మా ఊళ్లో వరదకి గడియారం ఎవరు చూస్తారు? “భద్రాచలం ఎంతుంది?” అని అడుగుతారు. అక్కడ 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం బ్యారేజీ దాటి మాదాకా రావడానికి రోజు పైనే పడుతుంది. ధవళేశ్వరంలో లెక్క లక్షల క్యూసెక్కుల్లో: 10, 13, 17. పొలానికి పోయేవాడు, పెళ్లికి పోయేవాడు, అందరూ ఈ ఆరు అంకెలతోనే ప్లాన్ వేసుకుంటారు.

అందుకని స్క్రీన్ మూల ఒక్క అంకె పెట్టాను, భద్రాచలం అడుగులు. అక్కడ పెరిగిన రెండు నిమిషాలకి ఇక్కడ పెరుగుతుంది. ఎదురుగా నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, పైన అంకె 47, 47.5 అని ఎక్కుతుంటుంది. వెళ్లాలా, ఉండాలా అన్నది ఆ అంకెని చూసి తేల్చుకోవాలి.

అనంతపురం స్నేహితుడికి పంపిస్తే, “పైన 43 ఏంట్రా, టెంపరేచరా?” అని మెసేజ్ పెట్టాడు. వాడి తప్పు కాదు. ఏటి అవతల నుంచి ఒకాయన “భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇచ్చారంట!” అని కేకేసేలా పెట్టాను. గొంతు బాబాయ్‌ది, ఫోన్‌లో రికార్డు చేశాను. మొదటి టేక్‌లోనే ఓకే.

జూలై 26

వారం రోజులు ఆట ముట్టుకోలేదు. నిజం వరద. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక దాటింది, కాజ్‌వే మునిగింది, రెండు రోజులు కరెంటు లేదు. ఇంట్లోకి రాలేదు గానీ దొడ్లో మోకాలి లోతు. అరటి తోట నాలుగు రోజులు నిలవ నీటిలో ఉంది, గెలలు పనికిరావు. దాని గురించి ఇక్కడ రాయను.

ఆటకి సంబంధించినవి మాత్రం రాసుకుంటున్నాను. ఏటి ఒడ్డున కూర్చుని ఏటి వైపే చూస్తున్నాం, నీరు వెనకనుంచి వచ్చింది. మురుగు కాలవలోంచి ఎదురెక్కి, బోదెల్లోంచి, కొబ్బరి తోటల మధ్యలోంచి, ఏ చప్పుడూ లేకుండా. చీమలు ముందే చెట్లెక్కేశాయి. కొబ్బరి మొవ్వులో పాము.

రెండోది దుంగలు. వరద పెరిగే రెండు రోజులూ పై నుంచి చెట్లు, మొద్దులు కొట్టుకొస్తూనే ఉన్నాయి. రేవులో పడవాయన, ఇంకో ఇద్దరు, తాడు కొసకి కొక్కెం కట్టుకుని పడవేసుకుని దిగారు. దుంగకి ఎదురు వెళ్లరు, దానితో పాటే కిందికి జారుతూ, పక్కకి చేరి, కొక్కెం తగిలించి, ఏటవాలుగా ఒడ్డుకి లాక్కొస్తారు. ఒక్కో దానికి అర కిలోమీటరు దిగువకి కొట్టుకుపోతారు. ఒడ్డున ఆడవాళ్లు తిడుతూనే ఉన్నారు, వాళ్లు దిగుతూనే ఉన్నారు. నీరు తియ్యడం, అంటే తగ్గడం, మొదలయ్యాక దుంగ ఒక్కటి కూడా రాలేదు.

మామ్మా, కర్ర ఎక్కడి నుంచి వస్తుందో తెలిసింది.

ఆగస్టు 3

పందుల్ని కొడితే ఇక ఏమీ రాలదు. పందులు అడ్డమొస్తే తప్పించుకోవాలి, లేదా తరమాలి, అంతే. కర్ర మొత్తం ఏట్లో కొట్టుకొచ్చే దుంగల్లోనే. దుంగలు నీరు పెరుగుతున్నప్పుడే వస్తాయి, పెరిగే కొద్దీ పెద్దవి వస్తాయి. భద్రాచలం 43 దాటితే తుమ్మ మొద్దు, 48 దాటితే మద్ది, 53 దాటితే టేకు. టేకు దుంగ ఒక్కటి పడితే మేడ వేసుకోవచ్చు. టేకు వచ్చే టైముకి ఇంటి దగ్గర గట్టు చెమటలు కక్కుతూ ఉంటుంది.

రెండు ఆటలూ ఒకటయ్యాయి. నెలరోజులుగా కొట్లాటకీ ఊరికీ మధ్య వంతెన వేద్దామని కొత్త మెనూలూ, కొత్త నాణేలూ పెడుతూ వచ్చాను, అవన్నీ తీసి పారేశాను. 600 లైన్ల కోడ్ పోయింది. దానికోసం రెండు ఆదివారాలు పాడుచేసుకున్నాను కాబట్టి కొంచెం బాధగానే ఉంది.

వెనకనుంచి వచ్చే నీటి కోసం మురుగు కాలవ కూడా పెట్టాను, దానికో తూము. పడవెక్కేముందు తూము తలుపు దించాలి. మర్చిపోతే నీళ్లు పెరట్లోంచి వస్తాయి. మొదటి రోజే నేను మూడుసార్లు మర్చిపోయాను, రాసింది నేనే అయినా.

ఆగస్టు 9

తెలుగు అక్షరాలతో ఒక పూట. ‘లంక 1’ గోడో 3లో చేశాను, అందులో ఒత్తులు అక్షరం కింద కూర్చునేవి కావు, పక్కన విడిగా నిలబడేవి. నాలుగో వెర్షన్‌లో ఆ బాధ లేదు, అక్షరాలు సరిగ్గా కలుస్తాయి. కానీ బటన్ ఎత్తు ఇంగ్లీషు లెక్కలో ఉంది, కింద ఒత్తుకి చోటు లేదు. ‘గట్టు కట్టు’ అన్న బటన్ మీద రెండు ట ఒత్తులూ కోసుకుపోయి ‘గటు కటు’ అయ్యింది. తమ్ముడు రోజంతా ఇంట్లో గటు కటు, గటు కటు అని తిరిగాడు.

ఆట బొమ్మలన్నీ పిక్సెల్ బొమ్మలు కదా, అక్షరాలు కూడా పిక్సెల్‌లోనే గీద్దామని కూర్చున్నాను. 16 పిక్సెళ్ల ఎత్తులో ‘ఒండ్రు’ రాసి చూడండి. తర్వాత మాట్లాడుకుందాం. మామూలు ఫాంట్ పెట్టేశాను, బటన్ ఎత్తు పెంచాను.

ఆగస్టు 15

జెండా వందనం అయ్యాక తమ్ముడి క్లాసువాళ్లు ముగ్గురు వచ్చారు. అక్కడ పంచిన బిళ్లలు జేబుల్లో ఉండగానే కూర్చున్నారు. మొత్తం 19 రన్‌లు. 11 సార్లు గండి పడి పోయింది, ఐదుసార్లు తూము మర్చిపోయి, రెండుసార్లు పాము. ఒకడు మాత్రం వరద తీసేదాకా నిలబడ్డాడు. వాడు అసలు పడవే ఎక్కలేదు. ఇంటి చుట్టూ గట్టు వేసుకుని ఆవు పక్కన నిలబడ్డాడు, అంతే. గెలిచాడు.

మిగతావాళ్లు “చీటింగ్” అని గొడవ. నేనూ మొదట దాన్ని ఆపేద్దామనే అనుకున్నాను, ఆకలి మీటర్ పెట్టి బలవంతంగా బయటికి పంపించొచ్చు. తర్వాత వదిలేశాను. వాడు బతికాడు, కానీ వాడి దగ్గర కర్ర లేదు, తర్వాతి వరద నాటికీ అదే పాక. ఎవరి లెక్క వాళ్లది.

ఆగస్టు 24

చచ్చాక ఏం మిగలాలి? ఈ తరహా ఆటల్లో సాధారణంగా ఏదో ఒకటి మిగులుస్తారు, కొత్త ఆయుధమో, అదనపు ప్రాణమో. నా ఆటలో రెండే మిగలాలని అనుకున్నాను. ఒకటి ఒండ్రు: ఎక్కడెక్కడ నీరు నిలిచిందో ఆ గళ్లలో తర్వాతి రన్‌కి పంట రెట్టింపు. ఓడిపోయినవాడికే ఎక్కువ ఒండ్రు దక్కుతుంది, కాబట్టి మరీ కొత్తవాళ్లు కూడా ఐదారు రన్‌లకి నిలదొక్కుకుంటున్నారు. అది నేను అనుకుని చేసింది కాదు.

రెండోది ఇంకా తేలలేదు.

‘86’ అని ఒక మోడ్ పెట్టాను. భద్రాచలం అంకె 75.6 దాకా ఆగదు. దాన్ని నేను ఇంతవరకూ గెలవలేదు.

ఆగస్టు 31

తమ్ముడు 86 ఆడుతున్నాడు. మామ్మ మంచం మీద నుంచి చూస్తోంది. అంకె 60 దాటింది, వీడు మూడు చోట్ల చెమట పట్టిన గట్టుకి మట్టి మోస్తున్నాడు.

“ముందు ఆవు పలుపు విప్పరా” అంది మామ్మ.

“అది లేదు మామ్మా ఇందులో.”

“లేదా?” అని నా వైపు తిరిగింది. “పంది పెట్టావు, పాము పెట్టావు, మీ బాబాయ్ గొంతు కూడా పెట్టావు. కట్టేసిన ఆవుని విప్పడం పెట్టలేదా?”

రాత్రి కూర్చుని పెట్టాను. ఆవు దగ్గర బటన్ రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. వరదలో రెండు సెకన్లంటే చాలా ఎక్కువ. విప్పాక ఆవు మన మాట వినదు, దాని దారి అది చూసుకుంటుంది, ఎత్తైన గడి కోసం ఈదుతూ పోతుంది. చేరితే చేరుతుంది. చేరితే మాత్రం తర్వాతి రన్‌లో మన లంక మీదే ఉంటుంది, పక్కన దూడతో.

పొద్దున్న తమ్ముడు ఆడాడు. పలుపు విప్పాడు, ఆ రెండు సెకన్లలో గండి పడింది, రన్ పోయింది. మళ్లీ మొదలుపెడితే కొత్త లంక, కొత్త ఏరు, గట్టు మీద ఆవు. దూడ బొమ్మ నేనింకా గీయలేదు. ఆవు బొమ్మనే సగానికి తగ్గించి పెట్టాను, దానికి కొమ్ములు కూడా ఉన్నాయి. మామ్మ కంట పడకముందే మార్చాలి.